మాట్లాడితే జుర్మానా

ఆర్మూర్‌కు ఆరు కిలోమీటర్ల దూరంల ఒక ఊరు. రెండిండ్ల నడుమ నడుమెత్తు గోడ. అటు వాకిట్ల నాగవ్వ బర్రెను కడుగుతున్నది. ఇటు వాకిట్ల కానిస్టేబుల్ ప్రశాంత్ తల్లి భాగ్యవ్వ బట్టలు ఆరేస్తున్నది. పగలు రెండు దాటింది.

"గందుకే అంటున్న నల్లదానా, నాలుగు గొట్టంగ పోచమ్మ గుడికాడికి పోయి ఆ ఒక్క ముక్క చెప్పి రారాదు? నీ సొమ్మేం బోతది?"

"నాగవ్వా, మాట్లాడితె మొకం ఇటు దిప్పి మాట్లాడు. ఇరవై ఒక్క దినమాయె, నాతోని చెప్పేటియన్ని నీ బర్రెతోని చెప్పవడితివి. నా ఇంటి సంగతులు నాకంటె దానికే ఎక్కువ ఎరుకైనయి."

"నేను ఎవ్వలితోని మాట్లాడుత లేను. నా బర్రె, నా నోరు. పోలీసోని ఇంటోళ్ళతోని మాట్లాడొద్దని ఊరి కమిటీ చెప్పింది. బర్రెతోని మాట్లాడొద్దని చెప్పలే."

"మరి నేననేది ఇనవడుతున్నది గదా నీకు?"

"ఇనుడు తప్పుగాదు నల్లదానా. మైకుల ఏమని చాటిచ్చిన్రు? 'మాట్లాడినోళ్ళకు అయిదువేల జుర్మానా' అని. ఇన్నోళ్ళకని చాటియ్యలే. నేను కమిటీ బుచ్చన్న బావను అడిగి మరీ తెలుసుకున్న."

"ఏమని అడిగినవే?"

"'బావా, గోడ నడుమెత్తే ఉన్నది, గాలికి మాట ఇటు కొట్టుకొస్తె ఏం జెయ్యాలె?' అని అడిగిన. కమిటీల అడిగి చెప్త అన్నడు. మల్లా దినం వచ్చి, 'ఇనుర్రి గని జవాబియ్యకుర్రి' అన్నడు."

"దానికి సుత మీటింగ్ వెట్టిన్రా?"

"వెట్టిన్రు. తీర్మానం సుత రాసుకున్నరట. కాలెత్తు నల్లదానా. ఇటు జూడకు, అటు జూడు. కరెంటు స్తంభం మీద కెమెరా ఉన్నది. అది మాట ఇనది గని నోరు కదులుడు చూస్తది."

"గా కెమెరా పెట్టిచ్చింది నా కొడుకే. ఊర్ల దొంగలు వడుతున్నరని ఇంటింటికి తిరిగి చెప్పి పెట్టిచ్చిండు. పెట్టిన దినం కొబ్బరికాయ సుత వాడే కొట్టిండు."

"అది మొదలు తొవ్వ దిక్కు చూస్తుండె. గిప్పుడు మీ వాకిలి దిక్కు దిప్పిన్రు. మంచిగ కనవడుతదట, రంగులల్ల. దొంగలు తొవ్వ దిక్కు నుంచి వస్తున్నరు, వోతున్నరు. వాళ్ళకు ఫికర్ లేదు."

"ఏం తప్పు జేసిండే వాడు?"

"అయ్యో, ఏం తప్పు జేసిండంటవా? ఊరి కమిటీ వేలంపాట వెట్టి నడిపిచ్చే బెల్టుషాపు మీద వడ్డడు నీ కొడుకు. పన్నెండు పెట్టెల సీసాలు జీపుల ఏస్కపోయిండు. గది తప్పుగాదా నల్లదానా?"

"వాడు ఒక్కడే వచ్చిండా? ఎస్సై సారు ఉండె. ఇంకిద్దరు కానిస్టేబుళ్ళు ఉండిరి."

"వాళ్ళది ఈ ఊరు గాదు గదా. వాళ్ళను వెలేద్దామన్నా వాళ్ళ ఇండ్లు ఏడున్నయో ఎవలకు తెల్వది. నీ కొడుకు ఇల్లయితె తెలుసు."

"డ్యూటీల చెప్పిన పని జేసిండు. డ్యూటీ దిగి ఇంటికొస్తె వాడు పోలీసు గాదు. నాకు కొడుకు, యమునకు మొగడు, భూమికకు తండ్రి."

"కమిటీకి డ్యూటీ దిగుడు ఉండది నల్లదానా. బండి టైరు మళ్ళ కోసిన్రట గదా నిన్న?"

"నిన్న సీటు కోసిన్రు. టైరు మొన్న. గిప్పుడు బండి ఇంట్లకే ఎక్కిస్తుండు. దేవుని అర్ర ముంగట పెడుతుండు. పొద్దుగాల దీపం ముట్టియ్యాలంటె నేను హ్యాండిలు కింది నుంచి దూరి పోవాలె."

"యూనిఫాం ఏస్కొని పోతలేడు, చూస్తున్న."

"సంచిల వెట్టుకొని పోతుండు. స్టేషన్ల మార్చుకుంటడు. దిగినంక మళ్ళ ఇడిసి, చేన్లకు పోయే షర్టు ఏస్కొని వస్తడు. పోలీసోళ్ళకు భయపడి దొంగలు వేషం మారుస్తరని ఇన్న. వీడు ఇంటికి రానీకి వేషం మారుస్తుండు."

"తొవ్వ సుత మార్చిండు. జక్రాన్‌పల్లి దిక్కు నుంచి తిరిగి వస్తుండట?"

"కాల్వ కట్ట మీద ఎవలో తీగ గట్టిన్రు. బండి మీద పోయేటోనికి మెడ ఎత్తుల. వీడు వంగి ఉండె కాబట్టి హెల్మెట్‌కు తాకింది. గీత వడ్డది. నాకు చెప్పలే. హెల్మెట్ తుడుస్తుంటె నేనే చూసిన. తీగ గట్టుడు సుత తీర్మానంల ఉన్నదా నాగవ్వా?"

"లేదు. అది పోరగాళ్ళు సొంతంగ జేసిన్రు."

"అట్లనా. మరి కమిటీ వాళ్ళనేమన్న అన్నదా?"

"అనాలంటె ముందుగాల ఆ సంగతి మాట్లాడాలె గదా. మీ ఇంటి ముచ్చట మాట్లాడితె జుర్మానా. గట్ల చూడకు నల్లదానా. నేను రాసిన్నా ఆ తీర్మానం? ఆడోళ్ళను కమిటీలకు రానిస్తరా?"

"నిన్నంటలేనే. యమున రాత్రి అన్నం సరిగ తినలే. ఆదివారం నిజామాబాద్‌ల కిరాయింటికి పోతం అంటున్నది. పెట్టెలు సర్దింది. వీడు పోదామనడు, వద్దనడు. గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు."

"పోరి బడికి పోతున్నదా?"

"పోతున్నది. మొదటి దినం వచ్చి 'నానమ్మా, బెంచి మొత్తం నాదే, నా పక్కకు ఎవ్వలు కూసుంటలేరు' అని సంబురంగ చెప్పింది. రెండో దినం ఏం చెప్పలే."

"కేసు వెట్టరాదు మరి? పోలీసోనికి పోలీసోళ్ళే పరాయోళ్ళా?"

"ఎస్సై సారు దరఖాస్తు రాయమన్నడట. రాస్తె సాక్షి గావాలె. ఊర్ల ఎవ్వలు మాతోని మాట్లాడుత లేరని చెప్పనీకి, మాతోని మాట్లాడేటోళ్ళు ఒక్కలన్న గావాలె. నువ్వొస్తవా?"

"నల్లదాన్ని అడిగి చెప్త."

"నాకెరుకే. గందుకే ఇన్ని దినాలు అడగలే, ఇంకోపారి సుత అడుగ."

"అడుగు మరి! అడగకుండ మనసుల వెట్టుకుంటె నాకు ఇంక ఎక్కువ కోపమొస్తది. అడుగు నల్లదానా, అడిగి తిట్టు."

"తిట్టను. పసుపు ఎట్లున్నదో అది చెప్పు. మీ ఆయిన మా చేను పక్క నుంచే వొయిండు గదా పొద్దుగాల?"

"తవ్వి పన్నెండు దినాలాయె. కుప్ప సగానికి ఎక్కువ అట్లనే ఉన్నదట. కింద కొమ్ములు మెత్తవడుతున్నయట. ఉడకవెట్టే మిషినోనిది మాక్లూరు గదా. ఈ ఊరోడు గాదు, వానికేం సంబంధం అనుకున్న."

"'ఈ ఊర్ల ఇంక ముప్పై ఇండ్లోళ్ళ పసుపు ఉడకవెట్టాలె అవ్వా, నన్ను ఇడిసిపెట్టు' అన్నడు. చేతులు జోడిచ్చిండు. మా ఆయిన హన్మాండ్లు పాత కడాయి దీసి, మొద్దులు రాజేసి ఒక్కడే ఉడకవెడుతుండు. అరవై రెండేండ్ల మనిషి. దించనీకి ఇంకో చెయ్యి లేదు. సగం పైకి ఉడుకుతున్నది, సగం లోపట పచ్చిగుంటున్నది."

"మరి గందుకే గదా నేను మొత్తుకుంటున్నది! కమిటీ ఏమన్నది? 'పోలీసుకు ఫోన్ జేసింది ఎవలో ప్రశాంత్ చెప్పాలె' అన్నది. వాడు చెప్పడాయె. సరే, వాడు చెప్పకున్నా సరే, తల్లి తడిచీరెతోని వచ్చి, అరచేతిల కర్పూరం ముట్టిచ్చుకొని, 'ఫోన్ జేసింది ఎవలో నాకు ఎరుకలేదు' అని పోచమ్మ ముంగట చెప్తె వెలి దీసేస్తం అన్నది. పొద్దుగూకే వరకు మిషినొస్తది. పోరి పక్కకు రేపు పిల్లలు కూసుంటరు. ఒక్క మాట! నీకు తెల్వదు గదా, తెల్వదని చెప్పుడే గదా?"

"చీరె తడిపితె జలుబైతది."

"ఎండ దంచుతున్నది."

"మోకాళ్ళు గుంజుతున్నయి."

"గుడి మీ సందు చివరకే ఉన్నది."

"ఇయ్యాల మంగళారం గదా."

"మంగళారం అమ్మవారి దినమే గదా నల్లదానా! నీకు ఇయ్యాల ఏమైంది? ఊర్ల ఎవలకు మొక్కు చెల్లకున్నా ముందు నిన్నే పిలుస్తుంటిమి. గుడికి పొమ్మంటె నీకు చెప్పాల్నా?"

"గుడికి పోతనే. అమ్మవారిని పంచాయితిలకు పిలుచుడు నాకు మంచిగనిపిస్త లేదు. ఆమెను సుత కమిటీల మెంబరును జేసిన్రా? బెల్టుషాపు వేలంపాట అప్పుడు ఆమెను ఎవలన్న అడిగిన్రా?"

"అడగలే. షాపు గుడెనకనే వెట్టిన్రు గని, అడగలే."

"మరి గిప్పుడెందుకు ఆమె?"

"ఆమె కాడ అబద్దం చెప్పరని."

"గదే అంటున్న."

"ఏమంటున్నవు?"

"ఏమంటలే. నలభై ఏండ్ల నుంచి ఆ తల్లికి బోనం ఎత్తుతున్న. నాకిది గావాలె, అది గావాలె అని అడిగిన. తిట్టిన సుత, ప్రశాంత్‌కు కామెర్లు అయినప్పుడు. గని 'నాకిది తెల్వదు' అని ఎప్పుడు చెప్పలే. ఆమెకు తెల్వని సంగతి ఉంటది గనకనా, నేను పోయి చెప్పనీకి?"

"ఆగు. ఆగు నల్లదానా. అంటె... కొడుకు నీకు చెప్పిండా, ఎవలు జేసిన్రో?"

"వాడు చెప్పలే."

"యమున చెప్పిందా?"

"యమునకు తెల్వది."

"మరి?"

"ఆ చీరె గోడ మీదికి వడ్డది, జర ఇటు నూకు."

"నూకను. కెమెరా ఉన్నది. మరి నీకెట్ల ఎరుకైంది?"

"ఎరుకైందని అన్ననా?"

"ఎరుకలేదని అనుత లేవు గదా! సరే, ఆ ఫోన్ జేసిన మనిషి ఎవలో గని, సిగ్గు శరం లేని మనిషి. నీ ఇంట్ల గింత అవుతుంటె, ఇంట్ల కూసొని మంచిగ బువ్వ తింటున్నది. బయటికొచ్చి 'నేనే' అన్న ఒక్క మాట చెప్పనీకి నోరొస్త లేదు. ఆమెను పోచమ్మే చూసుకుంటది."

"తింటున్నది అంటున్నవు. ఆడమనిషని నీకెట్ల ఎరుక?"

"మ్... మొగోడు చేస్తడా? వాళ్ళంత గిరాకి గదా షాపుకు."

"గట్ల తిట్టకే. భయపడ్డదేమో."

"భయమున్నది ఫోనెందుకు జెయ్యాలె?"

"ఏడుపు ఇన్నదేమో. ఎన్ని దినాలని ఇంటది?"

"ఎవల ఏడుపు?"

"పోచన్న మంచిగున్నడా?"

"మా ఆయిన ముచ్చట ఎందుకు గిప్పుడు? షాపు బంద్ ఉన్న తొమ్మిది దినాలు మంచిగుండె. పొద్దుగూకంగనే సీద ఇల్లు వట్టిండు. మొదటి దినం నేను గుర్తువట్టలే. ఎవలో చుట్టమొచ్చిండనుకొని మంచం ఏసి మంచినీళ్ళిచ్చిన."

"పదో దినం?"

"పదో దినం షాపు ఇంకో సందుల దెరిసిన్రు. చుట్టం వొయిండు."

"మళ్ళ కొట్టిండా?"

"కాలెత్తు నల్లదానా, కడగాలె."

"నాగవ్వా, గోడ నడుమెత్తే ఉన్నది. మాటకు జుర్మానా ఏసిన్రు గని ఏడుపుకు ఏయలే. నాకు ఇనవడుతది. వెలి ఏసినంక ఇనవడ్డది, ఏయకముందు ఇనవడ్డది. దీపం ముట్టిచ్చి నేను ఇటు దండం వెట్టుకుంట, అటు నుంచి నీ ఏడుపు. ఏ దేవునికి వెడుతున్ననో నాకే తెల్వకపోతుండె."

"అక్కా..."

"అటు దిరుగు. బర్రె దిక్కు దిరుగు. ఆ శనివారం పొద్దుగూకంగ పోచన్న నిన్ను వాకిట్లకు గుంజుకొచ్చిండు సూడు. నేను లోపటికి పోయి వంద నంబరుకు ఫోన్ జేసి షాపు సంగతి చెప్పిన."

"నువ్వా?"

"నేనే. ఫోన్ జేసింది నేనే నాగవ్వా. నాకు తెల్వదని పోచమ్మ ముంగట ఎట్ల చెప్పాలె చెప్పు?"

"నువ్వు... నీ కొడుకు పోలీసుండంగ, నువ్వు వందకు జేసినవా?"

"గందుకే జేసిన. కొడుక్కు చెప్తె కొడుకు మీదికి వస్తది గదా. వందకు జేస్తె నిజామాబాద్ నుంచి ఎవలో తెల్వనోళ్ళు వస్తరనుకున్న. నాకేమెరుక? ఆ ఫోను తిరిగి తిరిగి, దగ్గర్ల ఉన్న బండికి వస్తదట. ఆ బండిలున్నోళ్ళు మళ్ళ మనకే ఫోన్ జేస్తరట, జాగ ఏడనో అడగనీకి."

"చేసిన్రా?"

"చేసిన్రు. ఫోన్ మోగింది. చూస్తె ప్రశాంత్ ఫోటో వచ్చింది. బువ్వకు వస్తుండేమో అనుకొని లేపిన."

"అయ్యో నల్లదానా!"

"'అమ్మా?' అన్నడు. 'ఏం బిడ్డా' అన్న. 'నువ్వెందుకు లేపినవు?' అన్నడు. 'నువ్వెందుకు జేసినవు?' అన్న. పక్కకు ఎస్సై సారు కూసున్నడట. ఇగ వాడు గొంతు మార్చి, 'చెప్పండి మేడం, షాపు ఎక్కడుంది?' అన్నడు."

"మేడం అన్నడా?"

"పుట్టినంక మొదటిసారి. నేను సుత 'గుడెనక సార్' అన్న."

"కొడుకును సార్ అన్నవా?"

"డ్యూటీల ఉన్నడు గదా. ఆ దినం ఇంటికొచ్చి కాళ్ళు గడుక్కొని బువ్వ తిన్నడు. 'పప్పుల ఉప్పు తక్కువైంది' అన్నడు. గంతే. ఆ ముచ్చట వాడు ఎత్తలే, నేను ఎత్తలే. వెలి ఏసిన దినం ఒక్కటే అన్నడు, గోడతోని అన్నట్టు. 'ఫోన్ జేసినోళ్ళ పేరు చెప్పొద్దు. ఒక్కపారి చెప్తె ఈ జిల్లాల ఏ ఆడమనిషి మళ్ళ మాకు ఫోన్ జెయ్యది' అన్నడు. తల్లి పేరని దాస్తున్నడో, ఫోన్ జేసినోళ్ళ పేరని దాస్తున్నడో నేను అడగలే. టైరు కోస్తె ఊకున్నడు, సీటు కోస్తె ఊకున్నడు, మెడకు తీగ గట్టినా ఊకున్నడు. నేను ఇంట్ల కూసొని బువ్వ తింటున్న. నువ్వు తిట్టింది నన్నే. మంచిగనే తిట్టినవు."

"నేను తిట్టింది నిన్నుగాదు."

"ఊకో. గిప్పుడు తెలిసింది గదా, బాధవడకు."

"నిన్నుగాదక్కా! నన్ను నేను తిట్టుకున్న. ఫోన్ జేసింది నేను!"

"పిచ్చిదానా, నా కొరకు నువ్వు మీదేసుకోకు. నాకు నచ్చదు."

"మీదేసుకునుడు గాదు. సత్తెంగ. శనివారమే. ఆయిన నన్ను ఇడిసిపెట్టి మళ్ళ షాపుకే వొయిండు గదా, గప్పుడు. కోళ్ళ గూటి ఎనక కూసొని వందకు జేసిన. మా సురేశ్ ఆర్మూర్ల చదువుకుంట ఆ నంబరు చెప్పి పెట్టిండు. ఊరి పేరు చెప్పిన్నో లేదో, ఫోనెత్తిన పిల్ల 'బండి బయలుదేరిందమ్మా' అన్నది. నేను ఇంక షాపు పేరన్న చెప్పలే! పోలీసోళ్ళు గింత జల్ది ఎప్పటి సంది అయిన్రు అనుకున్న. నావల్ల నీ కొడుకు గిట్లయితుండని ఇరవై ఒక్క దినం నుంచి నాకు నిద్ర లేదు. చెప్తె ఆయిన చంపుతడు. చెప్పకపోతె నువ్వు చస్తవు. గందుకే ప్రమాణం జెయ్యి, ప్రమాణం జెయ్యి అని నీ పానం తీసిన. నీకు ఎరుకలేదు గదా, నువ్వు చెప్పేది సత్తెమే గదా, నీ సత్తెంతోని నా పాపం దిగుతదనుకున్న. నాకేమెరుక, నువ్వు సుత జేసినవని?"

"పక్క పక్కకు కూసొని చేసినమా?"

"నడుమ గోడ ఉన్నది."

"మరి గిప్పుడు నా ప్రమాణం ఇంక చెడ్డది నాగవ్వా. మొదలు ఒక్క పేరు ఎరుక. గిప్పుడు రెండు."

"ఎట్ల మరి?"

"ఎట్లనేమున్నది. చీరె తడుపుకుంట. పోయి నా పేరు ఒక్కటి చెప్త. నీది చెప్ప. వాళ్ళు ఎంతమంది పేర్లు అడుగుతరో అడగనీ. అమ్మవారు అబద్దం చెప్పొద్దన్నది గని, తెలిసిందంత చెప్పుమనలే."

"నీ పేరు చెప్తె? తల్లి చెప్పింది, కొడుకు వడ్డడు అంటరు. వాణ్ణి ఊర్ల నిలవనిస్తరా?"

"గిప్పుడు నిలవనిస్తున్నరా? తీగ రెండోపారి హెల్మెట్‌కే తాకుతదని ఏమున్నది? వాడు నా పేరు దాస్తె, నేను వాణ్ణి బండి మీద పంపి గడప పట్టుకొని నిలవడుతున్న. గిదేం లెక్క? డ్యూటీల ఉన్నంత సేపు వానికి లాఠీ ఉన్నది, జీపు ఉన్నది, సారు ఉన్నడు. డ్యూటీ దిగినంక ఎవలున్నరు? నేనే గదా."

"అక్కా, వద్దే. నేనొస్త. నేను చెప్త."

"'అక్కా' అన్నవు. మూడోసారి. నోరు కదిలింది కెమెరాల."

"కదలనీ."

"చుప్. బుచ్చన్న వస్తుండు. కుండ వట్టుకో. బర్రెను కడుగు."

"భాగ్యవ్వ వదినె, ఇంట్లనే ఉన్నవా?"

"వెలేసినోళ్ళు యాడికి వోతరు బుచ్చన్నా? నాతోని మాట్లాడుతున్నవు, జుర్మానా వడదా?"

"నేను కమిటీ తరపున నోటీసు చెప్పనీకి వచ్చిన. నోటీసు చెప్పుడు మాట్లాడుడు కిందికి రాది."

"చెప్పు. నాలుగు ఇంక గాలే గదా?"

"గాలే. గదే చెప్పనీకి వచ్చిన. నాలుగింటికి గుడికాడికి రావొద్దు."

"ఎందుకు? నేను చీరె తడుపుకునేదే ఉన్నది."

"తడుపుకోకు. నాగవ్వా, నీ చీరె ఏందట్ల తడిసింది?"

"బర్రెను కడుగుతున్న బావా."

"నిజంగ బర్రెనేనా?"

"గట్ల అడుగుతవేంది?"

"ఊకనే. ఇయ్యాల తడిచీరెలంటె నాకు గుండె దడ వస్తున్నది."

"బుచ్చన్నా, నువ్వు వద్దన్నా నేనొస్త. ప్రమాణానికి గాదు. ఒక మాట చెప్పేదున్నది. ఆ దినం ఫోన్ జేసింది..."

"చెప్పకు వదినె! చేతులు జోడిస్త, నాకు చెప్పకు. పన్నెండింటి సంది గదే మాట ఇంటున్న."

"ఎవల నోట ఇన్నవు?"

"మొదలు మా లస్మవ్వ నోట. బువ్వ వెట్టుకుంట వెట్టుకుంట గంటె కింద వెట్టి, 'ఆ ఫోన్ జేసింది నేను, నా కొరకు పాపం భాగ్యవ్వక్క ఎందుకు తడవాలె' అన్నది. రెండు బిందెల నీళ్ళు నెత్తిన వోసుకొని బయటవడ్డది. నేను ఎంగిలి చెయ్యితోని ఎనక ఉరికిన."

"లస్మవ్వ జేసిందా?"

"జేసిందట. 'బండి బయలుదేరింది' అన్నరట. గుడికాడికి ఉరికి చూస్తె, అప్పటికే ఇంకొక ముసలామె తడిచీరెతోని కూసొని ఉన్నది."

"ఎవలు?"

"మా కమిటీ ప్రెసిడెంట్ గజేందర్ వాళ్ళమ్మ."

"ఆమె కూడనా?"

"వాళ్ళ చిన్నోడు తాగుతడు గదా. ఆమె సుత ఒక్కతే జేసిన్ననుకున్నదట. ఎవలకు వాళ్ళే ఒక్కలమే జేసినమనుకున్నరు. గందుకే మీ దిక్కు మొకం ఎత్తి చూడనీకి సిగ్గువడి, ఒక్కలు సుత తీర్మానం తప్పలే. ఇరవై ఒక్క దినం గింత మంచిగ వెలి నడిసిందంటె, మేం కమిటీకి భయపడుతున్నరనుకున్నం."

"గజేందర్ ఏమంటుండు బుచ్చన్నా?"

"ఏమంటడు? ఒక్క ఇంటిని వెలేసుడు అల్కగనే ఉండె. గిందరిని వెలేస్తె మాకు బువ్వ ఎవలొండాలె? కర్పూరం అయిపోయిందని ఆర్మూర్‌కు మనిషిని తోలిండు. నన్ను పేర్లు రాసుకోమన్నడు."

"ఎంతమందైన్రు ఇప్పటికి?"

"పదహారు. నిన్ను పదిహేడు, నాగవ్వను పద్దెనిమిది అని రాసుకుంటున్న. గుడి ముంగట నిలవడనీకి జాగ లేదు వదినె, మీరిద్దరు జర ఆగి అయిదున్నరకు రాండ్రి."